పశు ప్రజారోగ్యం చెప్పే టీచరు పని ఎలా ఉంటుంది? ఉత్తర తెలంగాణ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, కొత్తగా ఎంవీఎస్సీలో (పశువైద్య పీజీలో) చేరినవాళ్లు, గొర్ల కాపరులు, ఒక్కోసారి మా చుట్టాలు కూడా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. వరంగల్ చుట్టుపక్కల జిల్లాల్లో పశువైద్య ప్రజారోగ్యం పాఠం చెబుతూ, దాని మీదే పరిశోధన చేస్తున్న టీచరుగా నాకు తెలిసింది రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## చేరకముందు

మీరు పశువుల డాక్టరే కదా, మధ్యలో మనుషుల ఆరోగ్యం సంగతి మీకెందుకు?

నెలలు నిండకముందే బర్రె ఈసుకుపోతుంది. మాయ పడకపోతే ఇంటాయన ఉత్త చేత్తో లాగేస్తాడు. కొన్ని వారాలకు ఆయనకు సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం నొప్పి మొదలవుతాయి. బర్రెను చూసిన డాక్టరు వేరు, ఆయన్ను చూసిన డాక్టరు వేరు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఈ రెండూ ఒకే బ్రూసెల్లా క్రిమి పని కావచ్చని అనుమానించి, రెండుచోట్లా రక్తం పరీక్షించి, ఆ ఊళ్లో ఇంకెన్ని కొట్టాల్లో ఉందో లెక్క తీసేవాళ్లు ఒకరుండాలి. ఆ పని మాది. రేబిస్, ఆంత్రాక్స్, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం), పాలల్లో మిగిలిపోయే మందులు, మటన్ కొట్టు శుభ్రత, కోళ్లఫారాల్లో యాంటీబయాటిక్ వాడకం కూడా మా సిలబస్‌లోనివే.

మా అమ్మాయి బైపీసీ. ఈ లైన్లోకి రావాలంటే ఏం చదవాలి, ఎన్నేళ్లు పడుతుంది?

ముందు బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అంటే పశువైద్య డిగ్రీ. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. తర్వాత పశువైద్య ప్రజారోగ్యం, ఎపిడెమియాలజీలో (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో లెక్కతీసే శాస్త్రంలో) ఎంవీఎస్సీ రెండేళ్లు, ఆ పైన పీహెచ్‌డీ మూడేళ్లు. పీహెచ్‌డీకి మూడేళ్లన్నది కాగితం మీది మాట, ఇంకో ఏడాది పట్టినా కంగారు పడొద్దు. మన రాష్ట్రంలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం 2014లో ఏర్పడింది. దాని కింద రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరుల్లో పశువైద్య కళాశాలలున్నాయి. ఆలిండియా కోటా 15 శాతం సీట్లను నీట్ ర్యాంకు మీద నింపుతారు. మిగతా సీట్ల సంగతి ఆ ఏటి నోటిఫికేషన్ చూసి నిర్ణయించుకోండి, పోయినేటి సీనియర్ చెప్పింది నమ్మి ఫీజు కట్టకండి.

చేతికొచ్చిన ప్రభుత్వ పశువైద్యుడి ఉద్యోగం కాదని టీచింగ్‌కు రావడం తెలివైన పనేనా?

డబ్బు, స్థిరత్వం మాత్రమే చూసుకుంటే తెలివైన పని కాదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టు అంటే ఊళ్లో గౌరవం, మొదటి నెల నుంచే పూర్తి జీతం. టీచింగ్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు. ఈలోపు కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ వయసు పెరిగిపోయినవాళ్లు నాకు తెలుసు. అయితే ఒక జబ్బు ఎందుకు మళ్లీ మళ్లీ అదే ఊరికి వస్తుందో ఏళ్ల తరబడి తవ్వి చూసే తీరిక దవాఖానలో దొరకదు. రోజూ పొద్దున్నే బయట ముప్పై జీవాలు నిలబడి ఉంటాయి మరి. పశుసంవర్ధక శాఖలో చేరి కొన్నేళ్లు పనిచేసి, సెలవు పెట్టి పీహెచ్‌డీకి వచ్చేవాళ్లున్నారు. నన్నడిగితే అదే మంచి దారి. రైతుతో మాట్లాడటం వచ్చి ఉంటుంది కాబట్టి వాళ్ల థీసిస్‌లు కూడా గట్టిగా ఉంటాయి.

ఆడపిల్లలకు ఈ పని కుదురుతుందా?

కుదురుతుంది. మా క్లాసుల్లో ఇప్పుడు అమ్మాయిలు తక్కువేం లేరు. పాలు పిండేది, దూడను చూసుకునేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే కాబట్టి కొట్టంలో వాళ్లతో మాట కలపడం మాలాంటి ఆడవాళ్లకే తేలిక. అసలు ఇబ్బంది ఫీల్డుకు వెళ్లినచోట టాయిలెట్ లేకపోవడం. ప్రైమరీ స్కూల్లోనో అంగన్‌వాడీలోనో ముందే మాట్లాడి పెట్టుకుంటాం.

ఎంబీబీఎస్ చేసినవాళ్లు ఇందులోకి రావచ్చా?

పశువైద్య కళాశాలలో టీచరుగా రాలేరు, దానికి పశువైద్య పట్టా ఉండాలి. కమ్యూనిటీ మెడిసిన్ నుంచో, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసో ఇదే జబ్బుల మీద మనుషుల వైపు నుంచి పనిచేయొచ్చు. అలాంటివాళ్ల కోసమే మేం ఎదురుచూస్తుంటాం.

## పీజీ, థీసిస్ రోజులు

థీసిస్ టాపిక్ ఎలా ఎంచుకోవాలి? గైడ్ ఇచ్చింది తీసుకోవాలా?

గైడ్ ఇచ్చినా మీరు తెచ్చుకున్నా, మూడు సంగతులు చూసుకోండి. శాంపిల్ తీసే ఊళ్లకు పొద్దున పోయి సాయంత్రానికి ఐస్‌బాక్సుతో ల్యాబ్‌కు తిరిగి రాగలరా? ఆ జబ్బు పరీక్షించే కిట్టు మీ గ్రాంటుకు అందుతుందా? మీ గడువులో దాని సీజన్ ఒక్కసారైనా వస్తుందా? నాట్లప్పుడు బురదలో కాళ్లు నానే కూలీల్లో లెప్టోస్పైరోసిస్ చూస్తామంటూ రిజిస్ట్రేషన్ జనవరిలో చేసుకుంటే వానాకాలం దాకా ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

శాంపిళ్లు ఎన్ని అన్న లెక్క ముందే వేసుకోవాలి. వందలో పది జీవాలకు ఉండొచ్చనుకుని, అయిదు శాతం అటూఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే కనీసం 139 శాంపిళ్లు కావాలి. ఎంతమందికి ఉందో అసలు అంచనాయే లేకపోతే సగానికి ఉందనుకుని లెక్కకట్టాలి, అప్పుడది 385 అవుతుంది. ఆ 385 ఒకే మందలోంచి తీస్తే లాభం లేదు. ఒక మందలో జీవాలన్నీ ఒకేచోట నీళ్లు తాగి, ఒకే దొడ్డిలో పడుకుంటాయి, కాబట్టి జబ్బు ఉంటే చాలావాటికి ఉంటుంది, లేకపోతే దేనికీ ఉండదు. మందలు పెంచండి, మందకు తీసే శాంపిళ్లు తగ్గించండి. తిరగడం ఎక్కువవుతుందని పిల్లలు దీనికే ఒప్పుకోరు.

ఉత్తర తెలంగాణలో టాపిక్‌లకు కొదవ లేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలోనే మొదటి స్థానం, సుమారు 1.9 కోట్లు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీతో వేరే రాష్ట్రాల మందలు మన ఊళ్లకొచ్చాయి. జీవంతోపాటు జబ్బులూ ప్రయాణం చేస్తాయి కదా. గొర్రెలు, మేకల నుంచి వచ్చే బ్రూసెల్లా మెలిటెన్సిస్ మనుషులకు అన్నిటికన్నా గడ్డుది. అయినా అందరూ పాడి పశువుల మీదే థీసిస్‌లు రాస్తారు. బర్రె కొట్టం రోడ్డు పక్కనే ఉంటుంది, మంద ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి, అంతే తేడా.

రక్తమే కదా తీసేది, దానికి ఎథిక్స్ కమిటీ దాకా ఎందుకు?

జీవాల రక్తానికి కాలేజీలోని జంతు ఎథిక్స్ కమిటీ, మనుషుల రక్తానికి మానవ ఎథిక్స్ కమిటీ. రెండూ వేరు, రెండు అనుమతులూ కావాలి. మనుషుల విషయంలో వైద్య కళాశాల నుంచి ఒక డాక్టరును సహ పరిశోధకుడిగా పెట్టుకోకపోతే ఫైలు కదలదు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదువురానివాళ్లకు చదివి వినిపించాలి. పత్రం నిండా 'పరిశోధనాత్మక అధ్యయన నిమిత్తం' లాంటి మాటలు పెడితే చదివి వినిపించేవాడికే అర్థం కాదు. 'మీ రక్తం కొంచెం తీసి ఫలానా జబ్బు ఉందో లేదో చూస్తాం, వద్దంటే మానేస్తాం, ఏం తేలిందో వచ్చి చెప్తాం' అని రాయండి.

పని మొదలుపెట్టేముందు ఏ టీకాలు వేయించుకోవాలి?

రేబిస్ తప్పనిసరి. కరవకముందు వేసుకునే టీకా 0, 7, 21 లేదా 28వ రోజుల్లో మూడు డోసులు. తర్వాత ఎప్పుడైనా కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సూది మందు) అక్కర్లేదు. ధనుర్వాతం టీకా కూడా చూసుకోండి. బ్రూసెల్లాకు మనుషులకిచ్చే టీకా మన దగ్గర లేదు. దూడలకు వేసే బ్రూసెల్లా టీకా ఎస్19 బతికున్న క్రిమితో చేసింది. సూది జారి మీ వేలికి గుచ్చుకుంటే జబ్బు రావచ్చు. కడుక్కుని ఊరుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ టీకానో చెప్పండి.

## ఊళ్లలో

ఫీల్డుకు పోయిన రోజు ఎలా గడుస్తుంది?

మంద మేతకు పోకముందే చేరాలి కాబట్టి చీకటితోనే బయల్దేరతాం. ముందురోజు రాత్రే ట్యూబులకు నంబర్లు రాసి, ఐస్ ప్యాకులు గడ్డకట్టించి పెట్టుకుంటాం. దొడ్డి దగ్గర కాపరి ఒక గొర్రెను రెండు కాళ్ల మధ్య ఇరికించి, గడ్డం పట్టి తల పైకెత్తుతాడు. మెడ పక్కన బొచ్చు పాయ తీసి, కింద బొటనవేలు నొక్కితే రక్తనాళం ఉబ్బుతుంది. దక్కనీ గొర్రె అయితే ఉన్ని మందంగా ఉండి నాళం కంటికి కనిపించదు, వేలికి తగిలిందాన్ని బట్టి సూది దించాలి. ఎర్రమూత ట్యూబులోకి అయిదు మిల్లీలీటర్లు రాగానే సూది తీసి కాసేపు నొక్కిపట్టాలి. ట్యూబును వెంటనే ఐసులో పెట్టకూడదు. ఏటవాలుగా నీడలో ఉంచితే గడ్డకట్టి పైన లేత పసుపు నీరు తేలుతుంది, మాకు కావాల్సింది అదే. తొందరపడి ఐసులో పెట్టినా, గతుకుల రోడ్డు మీద కుదిపినా కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, ఆ శాంపిల్ పనికిరాదు.

ఒకరు రక్తం తీస్తుంటే ఇంకొకరు రాసుకోవాలి: ఎన్నో ఈత, ఎప్పుడైనా ఈసుకుపోయిందా, ఎక్కడ కొన్నారు. ఆవులు, బర్రెలకు చెవికి పసుపు రంగు ట్యాగ్, దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది, అది రాసుకుంటే చాలు. గొర్రెలకు ఎక్కువగా ఉండదు, వీపు మీద రంగు పూసి గుర్తు పెట్టుకుంటాం. ఎండ ఎక్కేసరికి మంద కదులుతుంది, మన పని అయిందా లేదా అని అది ఆగదు. తర్వాత టీ. ఆ టీ దగ్గరే అసలు విషయాలు బయటపడతాయి. రాసుకునేటప్పుడు 'ఒక్కటి గూడ ఈసుకపోలే' అన్న తాత, గ్లాసు చేతిలోకి రాగానే పోయిన చలికాలంలో ఎన్ని పోయాయో చెబుతాడు. పుస్తకం మూసేయకండి.

గొర్ల కాపరులు రక్తం తీయనిస్తారా?

మొదటిసారి ఒప్పుకోరు. రక్తం తీస్తే జీవం బక్కచిక్కుతుందని, సూడిది అయితే ఈసుకుపోతుందని భయం. ముప్పై కిలోల గొర్రెలో రెండు లీటర్లకు దగ్గరగా రక్తం ఉంటుందని, మేం తీసేది చెంచాడని చూపించి చెబితే కొంత నమ్ముతారు. భయం కన్నా పెద్ద అడ్డు ఇంకోటుంది. 'మొన్న గూడ గిట్లనే రక్తం తీస్కపోయిన్రు మేడం, మల్ల ఒక్కలు గూడ రాలే' అంటారు. ఎవరొచ్చారో, ఏ కాలేజో, వాళ్లకు గుర్తుండదు. రిపోర్టు రాలేదన్నది మాత్రం గుర్తుంటుంది. అందుకే రిపోర్టు పట్టుకుని రెండోసారి పోవడానికి డీజిల్ ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే పెట్టుకోమని పిల్లలకు చెబుతాను. ఆ పద్దు లేని ప్రాజెక్టు మీద సంతకం పెట్టబుద్ధి కాదు.

ఇంకో మాట. ఆ ఊరి పశువుల దవాఖాన డాక్టరుకు, గోపాలమిత్రకు (ఊళ్లో పశువులకు ఎదసూదులు వేసే మనిషికి) ముందే చెప్పి వెళ్లండి. వాళ్లను పక్కనపెట్టి నేరుగా దొడ్డిలో దిగితే మీరొచ్చిన రోజు పని అవుతుందేమో గానీ, మళ్లీ ఆ ఊళ్లో అడుగుపెట్టలేరు.

గొర్రె అకస్మాత్తుగా చచ్చిపోయింది. కోసి చూస్తే జబ్బు తెలుస్తుంది కదా, ఎందుకు వద్దంటారు?

నిన్నటిదాకా మేసిన జీవం ఉన్నట్టుండి పడిపోయి, ముక్కులోంచో వెనకనుంచో నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతుంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కోస్తే లోపలి క్రిమికి గాలి తగిలి గట్టి బీజాలుగా మారి, ఆ మట్టిలో దశాబ్దాలపాటు బతుకుతుంది. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి రంగు వేసి చూస్తే చాలు. కళేబరాన్ని ఊరికి, నీళ్లకు దూరంగా ఆరడుగుల లోతు గొయ్యిలో సున్నం వేసి పూడ్చాలి. ఆ మాంసం పంచుకున్నవాళ్ల చేతుల మీద నొప్పి లేని పుండు లేచి మధ్యలో నల్లగా మాడితే వెంటనే ఆస్పత్రికి పంపాలి, మందులతో నయమవుతుంది. వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో 2021లో గొర్రెలు ఈ జబ్బుతో చనిపోయాయి, కాబట్టి ఇది పుస్తకాల్లోని జబ్బు అనుకోవద్దు. జబ్బు కనిపించిన ఊళ్లలో ఏటా వానల ముందు టీకా వేయించాలి. చచ్చిన గొర్రె మాంసం అగ్గువకు వస్తుందని ఎవరైనా అంటే కొనకండి.

ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడి ఏం రాసుకుంటారు?

కాలేయం, ఊపిరితిత్తులు చూస్తాం. వాటి మీద తెల్లగా, నీళ్లు నిండిన బుడగలాంటివి కొన్నిసార్లు కనిపిస్తాయి. అవి హైడాటిడ్ తిత్తులు. కొట్టాయన కత్తితో ఆ ముక్క కోసి పక్కకు విసిరేస్తాడు, కింద కుక్క కాచుకుని ఉంటుంది. కుక్క పేగులో అది బద్దెపురుగవుతుంది, దాని గుడ్లు పెంటతో బయటపడి గడ్డి మీద, ఆకుకూరల మీద, పిల్లల చేతుల మీద చేరతాయి. మళ్లీ గొర్రెకు, లేదా మనిషికి. మనిషి కాలేయంలో తిత్తి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి చివరికి ఆపరేషన్ దాకా వస్తుంది. ఆ విసిరే ముక్కను కాల్చడమో లోతుగా పాతడమో చేస్తే ఈ చుట్టు తెగిపోతుంది. కొట్టాయనతో గొడవ పెట్టుకోవద్దు. ఒక మూత ఉన్న డబ్బా తెచ్చిపెడితే అందులోనే వేస్తాడు.

మేడారం జాతరకూ మీ పనికీ ఏం సంబంధం?

రెండేళ్లకోసారి, మొన్న 2024 ఫిబ్రవరిలోనూ 2026 జనవరిలోనూ, ములుగు జిల్లా అడవిలో లక్షల మంది దిగుతారు. మొక్కుబడి యాటలు, కోళ్లు అక్కడే కోసి, డేరాల ముందే వండుకుంటారు. కోసేముందు ఆ జీవాన్ని పశువైద్యుడు చూడడు. పేగులు, రక్తం, ఈకలు పడ్డచోటే ఈగలు ముసురుతాయి, పక్కనే జంపన్నవాగులో స్నానాలు. మాకు చూడాల్సింది నీళ్లు, వ్యర్థాలు, ఈగలు, జాతర అయ్యాక చుట్టుపక్కల ఊళ్లలో వాంతులు, విరేచనాలు. మొక్కు గురించి ఉపన్యాసం ఇవ్వడం మా పని కాదు, ఇస్తే వినేవాళ్లూ లేరు. ముక్కు కారే జీవాన్ని తీసుకెళ్లొద్దు, పేగులు గుంతలో పాతండి, వాగు నీళ్లు తాగొద్దు. ఈ మూడు మాటలకు ఎవరూ కాదనరు.

కుక్క కరిస్తే ముందు మీకు ఫోన్ చేస్తుంటారు. ఏం చెప్తారు?

సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు గాయం కడగమంటాను. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. తర్వాత ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లి టీకా. రక్తం కారిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. అది లేదంటే పెద్దాస్పత్రికి. మొదటి రెండు డోసులు వేసుకుని, కుక్క బాగానే తిరుగుతోందని మిగతావి మానేసేవాళ్లు చాలామంది. డాక్టరు చెప్పేదాకా మానొద్దు. ఊరిలో రేబిస్ ఆగాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలి. మనుషుల రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుంది మరి.

## ల్యాబ్‌లో

ల్యాబ్‌లో బ్రూసెల్లా క్రిమిని పెంచుతారా? భయం కాదా?

మామూలు ల్యాబ్‌లో పెంచం, పెంచకూడదు. గాలిలో తేలే తుంపరతోనే అంటుకునే క్రిమి అది. ప్రపంచమంతటా ల్యాబ్ సిబ్బందికి ఎక్కువగా సోకే జబ్బుల్లో ఇదొకటి. బీఎస్‌ఎల్-3 సదుపాయం (ప్రమాదకర క్రిముల కోసం గట్టి భద్రతతో కట్టిన ల్యాబ్) ఉన్నచోటే ఆ పని. మేం సీరంలో యాంటీబాడీలు, అంటే క్రిమికి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే రక్షక పదార్థాలు చూస్తాం. రోజ్ బెంగాల్ పరీక్షలో తెల్ల పలక మీద ఒక చుక్క సీరం, పక్కనే అంతే గులాబీ రంగు యాంటిజెన్ (చంపిన క్రిమితో చేసిన ద్రవం) వేసి, పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు పలకను అటూఇటూ ఊపాలి. జబ్బు లేకపోతే గులాబీ రంగు నీళ్లలాగే ఉంటుంది. ఉంటే సన్నటి రేణువులు విడివిడిగా తేలి అంచుకు చేరతాయి. అయిదో నిమిషంలో వచ్చిన రేణువులను పాజిటివ్‌గా రాయొద్దు. ఇది వడపోత పరీక్ష మాత్రమే. ఎలైజా అనే ఇంకో యాంటీబాడీ పరీక్షతో నిర్ధారించుకోవాలి. టీకా వల్ల కూడా యాంటీబాడీలు వస్తాయి కాబట్టి జీవానికి ఎస్19 టీకా పడిందా, ఏ వయసులో పడిందో అడగాలి.

కరెంటు పోతే శాంపిళ్ల గతేంటి?

జనరేటర్ ఉందో లేదో కాకుండా, సెలవు రోజున దాన్ని ఆన్ చేసేవాళ్లు ఉన్నారో లేదో చూసుకోండి. సీరం ప్రతి శాంపిల్‌ను రెండు భాగాలు చేసి వేర్వేరు ఫ్రిజ్‌లలో పెట్టండి.

## రిపోర్టు వచ్చాక

పాజిటివ్ వచ్చిందని రైతుకు చెప్తారా? చెప్తే బర్రెను అంగట్లో అమ్మేయడా?

చెప్తాం. సమ్మతి పత్రంలో చెప్తామని రాసిచ్చాం కాబట్టి చెప్పకపోతే అది మోసం. అమ్మేసే ప్రమాదం మాత్రం ఉంది, దాచి లాభం లేదు.

రైతు వైపు నుంచి చూడండి. పాలిచ్చే బర్రె లక్ష రూపాయల ఆస్తి. బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపాల్సి వస్తే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. బ్రూసెల్లా ఉందని తేలిన బర్రెను పక్కన పెట్టుకున్న పాడి రైతు చేతిలో అలా ఏదీ పడదు. బ్యాంకు కిస్తీ ఆగదు. ఒక అక్క నాతో అన్నది: 'నువ్వు చెప్పింది మంచిగనే ఉంది మేడం. గీ బర్రె పోతే మా చిన్నోని ఫీజు ఎవలు కడ్తరు?' నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్నట్టు నటిస్తే ఆమె ఆ సాయంత్రమే అంగడికి తోలేది.

కాబట్టి మొదటి నియమం, నలుగురిలో చెప్పొద్దు. పాలకేంద్రం దగ్గర ఒక్కమాట జారిందంటే ఆ ఇంటి పాలు ఎవరూ పోయించుకోరు. ఇంటికి వెళ్లి, కూర్చుని, ఇంటాయనకూ ఇంటావిడకూ కలిపి చెప్పాలి. రెండోది, ఒక్క పరీక్షతో తీర్పు చెప్పొద్దు, మళ్లీ రక్తం తీసి వేరే పరీక్షతో నిర్ధారించుకున్నాకే గట్టిగా చెప్పాలి. మూడోది, చేయగలిగింది చెప్పాలి. పాలు మరిగిస్తే ఈ క్రిమి చస్తుంది, కాబట్టి పచ్చిపాలు ఇంట్లో కూడా తాగొద్దు. ఈనేటప్పుడు వేరే చోట కట్టేయండి. మాయను, ఈసుకుపోయిన పిండాన్ని చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కుని తీసి సున్నంతో పాతండి, కుక్కలకు వేయొద్దు. ఊరి దున్నతో దాటించొద్దు. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒకసారి వేసే టీకా 2019 నుంచి జాతీయ కార్యక్రమంలో ఉచితంగా వేస్తున్నారు, ఆ వయసు దాటనీయొద్దు. ఇంట్లో ఎవరికైనా తగ్గని జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే రక్తపరీక్షకు మేమే తోడు వస్తాం.

ఈ చివరి మాట దగ్గర రైతు ముఖం మారుతుంది. బర్రె గురించి వినడానికి ఇష్టపడనివాళ్లు కూడా పిల్లల గురించి అంటే వింటారు. అమ్మనని మాటిచ్చినవాళ్లలో అందరూ నిలబడరు. నిలబడ్డవాళ్ల కొట్టాలకు మాత్రం మేం మళ్లీ మళ్లీ వెళ్తాం, వాళ్ల మిగతా జీవాలకు ఏ చిన్న జబ్బొచ్చినా ఫోన్ ఎత్తుతాం. మా చేతిలో ఉన్న పరిహారం అదొక్కటే. పేపర్లో ఊరి పేరు, రైతు పేరు రాయం.

మీరు కనిపెట్టింది ఆస్పత్రి డాక్టర్లకు చేరుతుందా?

దానంతట అది చేరదు. జ్వరమంటే టైఫాయిడ్, మలేరియా, డెంగీ పరీక్షలు రాస్తారు, అది సహజమే, అవే ఎక్కువ కాబట్టి. 'మీ ఇంట్లో జీవాలున్నాయా, ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?' అని ఒక్క ప్రశ్న ఓపీ చీటీలో చేరితే బ్రూసెల్లా అనుమానం వస్తుంది. దానికి వాడే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరువారాలు వాడాలి, వారానికే జ్వరం తగ్గిందని ఆపేస్తే తిరగబెడుతుంది. మెడికల్ కాలేజీలో పీజీ పిల్లలకు ఏటా ఒక క్లాసు అడిగి తీసుకోండి. ఉత్తరాలకన్నా ఫోన్ నంబర్లు బాగా పనిచేస్తాయి.

యాంటీబయాటిక్స్ విషయంలో అంత పట్టుదల ఎందుకు?

పొదుగువాపుకు సూది వేసిన సాయంత్రమే ఆ పాలు కేంద్రానికి పోతున్నాయి కాబట్టి. ప్రతి మందుకూ పాలు అమ్మకూడని రోజులు సీసా మీద రాసి ఉంటాయి. ఎవరూ చదవరు, చదివినా ఆ రోజుల పాల డబ్బు ఎవరిస్తారు? కొలిస్టిన్ అనే మందు మనుషులకు ఐసీయూలో చివరి ఆసరా. దాన్ని కోళ్లు పెరగడానికి దాణాలో కలిపేవారు. 2019లో ఆహార జంతువుల్లో వాడకాన్ని కేంద్రం నిషేధించింది. పాత అలవాట్లు ఎంతవరకు మారాయో శాంపిళ్లు తీసి చూడటం మా పనిలో పెద్ద భాగం.

కోళ్లు చస్తున్నాయి, బర్డ్ ఫ్లూనా అని విలేకరి అడిగితే ఏం చెప్పాలి?

భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ నిర్ధారించేదాకా ఆ పేరు మీ నోట రాకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో నిర్ధారణ అయినప్పుడు ఇక్కడ జబ్బు లేని ఊళ్లలో కూడా చికెన్ కొట్లు ఖాళీ అయ్యాయి. బాగా ఉడికించిన మాంసం, గుడ్లు తినొచ్చు, చచ్చిన కోడిని ముట్టుకోవద్దు. అంతవరకే చెప్పండి.

## క్లాసు, జీతం, తర్వాత

పాఠాలు ఎక్కువా, పరిశోధన ఎక్కువా?

పాఠాలు, ప్రాక్టికల్స్, పరీక్ష పేపర్లు, హాస్టల్ వార్డెన్ డ్యూటీ, వెటర్నరీ కౌన్సిల్ తనిఖీకి రిజిస్టర్లు. ఇవన్నీ అయ్యాక మిగిలింది పరిశోధన. సెలవులున్న నెలల్లో ఫీల్డు పెట్టుకోవడం తప్ప దారి లేదు.

పేపర్లు ఎన్ని రాయాలి? డబ్బు కడితే వేసే జర్నల్స్ పనికొస్తాయా?

ప్రమోషన్‌కు పేపర్లు కావాలి, మన రంగంలో జర్నల్‌కు నాస్ (జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ) ఇచ్చే రేటింగ్ చూస్తారు. వారంలో అచ్చువేస్తామని మెయిల్ పంపేవాళ్లకు డబ్బు కట్టొద్దు. ఇంటర్వ్యూలో ఆ పేరు చూడగానే ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.

జీతం ఎంత?

యూజీసీ ఏడో పే స్కేలులో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం నెలకు 57,700 రూపాయలు, దాని మీద డీఏ, ఇంటద్దె భత్యం. కాంట్రాక్టు వాళ్లకు అంత రాదు, పని మాత్రం అంతే.

పీహెచ్‌డీ అయ్యాక టీచింగ్ పోస్టు దొరక్కపోతే?

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు పశువైద్య పట్టా అర్హతే, మనవాళ్లు చాలామంది ఆ సంగతి తెలియక దరఖాస్తు చేయరు. బెంగళూరులో పశు ఎపిడెమియాలజీకి ప్రత్యేకంగా ఉన్న నివేది అనే జాతీయ సంస్థ, హైదరాబాద్ చెంగిచెర్లలోని మాంస పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలోని జంతు బయోటెక్నాలజీ సంస్థ ప్రాజెక్టు పోస్టులకు పిలుస్తుంటాయి. జీతం ప్రాజెక్టు ఉన్నంతకాలమే. టీకా కంపెనీలు, పెద్ద డెయిరీలు కూడా తీసుకుంటాయి. ఎక్కడికి వెళ్లినా డేటాతో పని చేయడం వచ్చా అని అడుగుతారు, కాబట్టి థీసిస్ లెక్కలు బయట డబ్బులిచ్చి చేయించుకోకుండా 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మీరే చేసుకోండి, అది ఉచితం.